గాజునీళ్ళ గడియారం

ఈ పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలు మొదట నన్ను నూనె గురించే అడుగుతారు. ఏ నూనె, ఎన్ని చుక్కలు, ఎక్కడ వెయ్యాలి అని. డిప్లొమా చదివి వచ్చినవాళ్ళయితే నోటు పుస్తకం తెరిచి కూర్చుంటారు. నూనె సంగతి చెప్పడానికి పావుగంట చాలు. ఆ పావుగంటలో పట్టని సంగతి ఒకటి ఉంది. దాన్ని నోటితో చెప్పబోతే సగంలో ఆపి వేరే మాట ఎత్తుకుంటాను. అందుకే రాసి ఇస్తున్నాను.

నా పేరు రామాచారి. అనంతపురం పాత ఊరిలో ముప్పై ఏళ్ళకు పైగా గడియారాలు బాగు చేశాను. మా నాయనది బంగారు పని. బ్యాటరీ గడియారాలు వచ్చాక మా వీధిలో గడియారాల దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నాది నిలబడింది పాత సంస్థానాల వాళ్ళ పుణ్యాన. రాజ్యాలు పోయినా, తాతలు విదేశాల నుంచి తెప్పించిన గడియారాలు వాళ్ళ హాళ్ళలో మిగిలాయి. వాటితోపాటు కీ ఇస్తే ఆడే బొమ్మలు కూడా: తల తిప్పే నెమలి, తొండం ఎత్తే ఏనుగు, హుక్కా పీల్చే నవాబు. కొన్ని వేలంలో చేతులు మారి పెద్ద రైతుల ఇళ్ళకు చేరాయి. తొంభైల చివరి నుంచి నేను చేసింది దాదాపు ఈ పనే.

ఎవరెవరు మెచ్చుకున్నారో, ఎక్కడెక్కడ సన్మానాలు చేశారో రాయను. అవి మీకు పనికిరావు.

ఉస్తాద్ చెప్పినవి, చెప్పనివి

నేను పని నేర్చుకున్నది గుత్తిలో, మస్తాన్ సాబ్ దగ్గర. కోట కింది బజారులో ఆయనది మనిషి అడ్డంగా పడుకోలేనంత ఇరుకు దుకాణం. చేరిన మొదటి ఏడాదే ఒక గంటల గడియారం ప్లేట్లు విప్పాను, స్ప్రింగు దించకుండా. నిండా కీ ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా వదిలింది. రెండు చక్రాల పళ్ళు రాలిపోయాయి. నా ఎడమ చూపుడు వేలు ఎముక కనిపించేలా చీలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, అడిగితే చూపిస్తాను.

మస్తాన్ సాబ్ తిట్టలేదు. గుడ్డ పేలిక కట్టి, రాలిన పళ్ళన్నీ నాచేతే ఏరించాడు. అప్పుడు చెప్పాడు.

"కీ ఇచ్చినోడి చేతి బలమంతా దాంట్లోనే ఉంటాది బేటా. ఆ మనిషి లేకపోయినా అది ఉంటాది. ముందు దాన్ని మెల్లగా దించు, ఆమీదట స్క్రూ ముట్టుకో."

ఆయన పెట్టిన ఇంకో నియమం, యంత్రంలో నుంచి వచ్చిన ఏ ముక్కనూ పారెయ్యకూడదని. విరిగినదైనా, వంగినదైనా, దేనికి పనికొస్తుందో తెలియకపోయినా, ఆ ఇంటి పేరు రాసిన డబ్బీలో వేసి పెట్టాలి. ఈ రెండూ ఆయన దయవల్ల నాకు జన్మంతా కాపుదల అయ్యాయి.

ఉన్నమాట చెప్పాలంటే ఆయనలో ఒక లోపం ఉండేది. "ఎందుకు" అని అడిగితే ఆయనకు గిట్టేది కాదు. చూసి నేర్చుకో అనేవాడు. దాంతో ఏ యంత్రమైనా విప్పి చూస్తే అదే చెబుతుంది, మనిషిని అడగనక్కరలేదు అనే గర్వం నాకు అబ్బింది. ఆ గర్వం చాలాకాలం నైపుణ్యంలాగే కనిపించింది. పదిమందీ మెచ్చుకున్నారు కూడా.

పాడే పిట్ట

తాడిపత్రి వైపు ఒక పెద్ద రైతు ఇంట్లో బంగారు పూత పంజరం ఉండేది. కీ ఇస్తే లోపలి పిట్ట తోక ఆడిస్తూ, ముక్కు తెరిచి పాడుతుంది. ఆ పాటంతా అడుగున దాచిన వేలెడంత తోలు తిత్తిలోంచి వచ్చేది. పిట్ట మూగబోయిందని నన్ను పిలిపించారు.

అడుగు పలక విప్పేసరికి గానుగలో చెయ్యి పెట్టినట్టు అయింది. ఏటేటా ఆయుధపూజ రోజు ట్రాక్టరుకు, మోటారుకు, నాగలికి పెట్టినట్టే పిట్టకూ పసుపు కుంకుమ పెట్టి, లోపల వేరుశనగ నూనె పోస్తున్నారు. ఆ నూనె మా ఊళ్ళ దుమ్ముతో కలిసి బంకలా గడ్డకట్టింది. తిత్తికి పడిన చిల్లికి ఎవరో సైకిలు ట్యూబు ముక్క అతికించారు. నాకు నవ్వు, కోపం రెండూ కలిసి వచ్చాయి.

"మా గానుగలో ఆడించిన నూనెప్పా. చుక్క కల్తీ లేదు," అన్నాడు ఇంటి పెద్దాయన, తప్పు నూనెది కాదని నమ్మకంగా.

నేను ఆయన్ను కొడుకుల ముందే కడిగేశాను. నూనె తాళింపుకు వాడుకోమన్నాను. కుంకుమ దేవుడికి పెట్టమన్నాను, ఇనుముకు వద్దన్నాను. పెద్దాయన ఒకటే మాట అన్నాడు, వాళ్ళ నాయన పెట్టేవాడు కాబట్టి తామూ పెడుతున్నామని.  పన్నెండు రోజులు పట్టింది కానీ పిట్ట పాడింది. ఇల్లంతా చేరి విన్నారు. పెద్దాయన మాత్రం ఆ గదిలోకి రాలేదు.

నూనె గురించి నేను చెప్పింది నిజమే, ఇప్పుడైనా అదే చెబుతాను. కానీ ఆరోజు నుంచి యంత్రంలో ఎక్కడ కుంకుమ కనబడినా అది బుద్ధిలేనివాళ్ళ పని అని నాకు ఖాయమైపోయింది. అసలు తప్పు అక్కడ మొదలైంది.

మహల్లో మూడు రోజులు

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు మీకు గుర్తుండదు. వరసగా వానలు ఎగ్గొట్టాయి. వేసిన వేరుశనగ వేసినట్టే మాడింది. గడ్డి లేక జనం ఎద్దులను సంతకు తోలేశారు. బోర్లలో దుమ్ము వచ్చింది. ఆ రోజుల్లో యాడికి అనే ఊరికి అవతల ఒక చిన్న సంస్థానం వాళ్ళ మహలు నుంచి నాకు కబురు వచ్చింది. మహలున్న ఊరి పేరు రాయను. ఆ కుటుంబంలో ఇప్పుడున్నవాళ్ళు మంచివాళ్ళు.

మహలు నడిపేది చిన్నదొర. ఆయన తల్లిని ఊరంతా పెద్దమ్మణ్ణి అంటారు, ఆమె అప్పటికే మేడమీది గది దాటి రావడం తగ్గించింది. చిన్నదొరకు మహలును యాత్రికులు దిగే చోటుగా మార్చాలని ఆశ. గదులకు సున్నం వేయించాడు, ముందు గులాబీ తోట పెట్టించాడు. నాలుగు రోజుల్లో పెద్ద అధికారులు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకు చూపించడానికి హాల్లోని గడియారం సిద్ధం కావాలి.

అలాంటి గడియారం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నా ఛాతీ ఎత్తు ఉంటుంది. పైన డయలు, కింద బంగారు పూత కొండ. కొండ మీది నుంచి మెలితిప్పిన గాజు కడ్డీలు వరసగా దిగి ఉంటాయి. గంట కొట్టగానే ఆ కడ్డీలు తమచుట్టూ తాము తిరగాలి. అప్పుడు వెలుతురు వాటి మీద జారి, అచ్చం నీళ్ళు దూకుతున్నట్టే ఉంటుంది. కింద ఒక బొమ్మ అమ్మాయి వంగి కడవ పెడుతుంది, నిండినట్టుగా ఎత్తి చంకన పెట్టుకుంటుంది. ఇదంతా రెండు నిమిషాలు. నేను వెళ్ళేసరికి గడియారం నడుస్తోంది, గంట కొడుతోంది, నీళ్ళు మాత్రం పారడం లేదు.

దానికి కీ ఇచ్చేవాడు ఓబులేసు. అరవై దాటిన మనిషి, తండ్రి నుంచి వచ్చిన పని. మొదటిరోజు నేను డయలు వైపు యంత్రం శుభ్రం చేస్తుంటే పొద్దుగూకేదాకా నా పక్కనే నిలబడి భూతద్దాలు అందించాడు. టీ తెచ్చిపెట్టాడు. గడియారం శుభ్రం చెయ్యడానికే నేను వచ్చానని అనుకున్నాడట. నేను అతనితో మాట్లాడింది అది అందుకో, ఇది పట్టుకో అనే వరకే.

రెండోరోజు ఓబులేసు లేడు. కుర్చీలు, తెరలు తీసుకురమ్మని అనంతపురం పంపామన్నాడు చిన్నదొర. ఇంకో మాట కూడా అన్నాడు.

"నీళ్ళెందుకు పారలేదో చూడు ఆచారీ. దాని మర్మం నాకేమీ తెలీదు."

వెనక తలుపు తీసి, ముందు స్ప్రింగు దించాను, ఉస్తాద్ చెప్పినట్టే. నీళ్ళను నడిపే చక్రాలు వేరుగా ఉన్నాయి. వాటిలో ఒక చక్రం ఆకుల మధ్య అడ్డంగా చిటికెన వేలంత ఇత్తడి శీల దూర్చి ఉంది. దాని తల మీద పసుపు, కుంకుమ. పిట్ట పంజరం గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం చెయ్యి ఆగింది, ఎందుకంటే ఆ శీల మంచి పనివాడు సానపట్టిన శీల. కొలత పెట్టి చేసింది, చక్రానికి గీత కూడా పడకుండా. మా నాయన చూసి ఉంటే కంసాలి చేతిపని అనేవాడు. పాడు చెయ్యాలనుకున్నవాడు అంత శ్రద్ధగా చెయ్యడని నాకు తట్టాలి. తట్టలేదు. లాగేశాను. పసుపు తుడిచి, అలవాటుగా డబ్బీలో వేసుకున్నాను. మూడోరోజు నూనె చుక్కలు వేసి కీ ఇస్తే గాజు నీళ్ళు గలగల పారినట్టే తిరిగాయి.

మర్నాడు అధికారులు వచ్చారు. పన్నెండు కొట్టింది, నీళ్ళు పారాయి, చప్పట్లు కొట్టారు. చిన్నదొర నాకు శాలువా కప్పి, హైదరాబాదులో పెద్ద ఇళ్ళకు నా పేరు చెబుతానన్నాడు. సంతోషంగా బస్సెక్కాను.

ఓబులేసు వచ్చాడు

నేను తిరిగొచ్చిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఓబులేసు నా దుకాణం మెట్టెక్కాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"శీల ఎవురు తీసినారప్పా?"

నేనే తీశానన్నాను, కొంచెం గొప్పగానే. అది అడ్డం ఉంటే నీళ్ళెట్లా పారతాయని కూడా అన్నాను. అతను స్టూలు మీద కూలబడ్డాడు. మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.

పెద్దమ్మణ్ణి మామగారు దొరగా ఉన్న కాలంలో ఒక పెద్ద కరువు వచ్చిందట. ఎవరో అతిథులకు ఆయన గడియారం ఆడించి చూపిస్తుంటే, కిటికీ బయట ఉత్త కడవలతో ఊరి ఆడవాళ్ళు నిలబడి ఉన్నారట. లోపల బొమ్మ కడవ నింపుకుంటోంది. ఆయన తలెత్తలేకపోయాడు. ఊరి కంసాలి చేత శీల చేయించి, పసుపు కుంకుమ పెట్టి, తన చేత్తోనే చక్రానికి అడ్డం వేశాడు. మహలు వెనక ఎంత కరువులోనూ ఎండని దిగుడు బావి ఉంది. దాని గేటు తాళంచెవి ఓబులేసు తండ్రి చేతికిచ్చాడు. శీల ఉన్నన్నాళ్ళూ బావి ఊరిది. వానలు పడి చెరువు నిండి మరవ పారిన రోజు, అంటే అలుగు మీదుగా నీళ్ళు దూకిన రోజు, ఊరి పెద్దల ముందు ఇంటి పెద్ద శీల తీస్తాడు, తాళంచెవి తిరిగి తీసుకుంటాడు. అప్పటి నుంచి ప్రతి కరువులోనూ ఇదే కట్టుబాటు. ఆ ఇంట్లో వాళ్ళెవరూ నడుమ శీల ముట్టుకునే సాహసం చెయ్యరు.

అందుకే బయటివాణ్ణి పిలిపించారు. అధికారులు వెళ్ళిన సాయంత్రమే చిన్నదొర ఓబులేసు దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని గేటు వేశాడు. గులాబీలకు, గదులకు నీళ్ళు కావాలి.

"శీల దానంతట అదే ఊడి పడిందంట. దేవుడే తీసినాడని చెప్తాండాడు. జనం నమ్మినారు. పెద్దమ్మణ్ణీ నమ్మింది," అన్నాడు ఓబులేసు.

ట్యాంకరు మూడు రోజులకొకసారి వచ్చేది. మిగతా రోజులు ఆడవాళ్ళు ఊరి బయట పాడుబడిన నాపరాళ్ళ గని గుంతలోకి దిగి నీళ్ళు తోడుకున్నారు. ఓబులేసు భార్య నాగమ్మ గేటు వేసిన ఎనిమిదో రోజు ఆ గుంతలో నిండు కడవతో జారింది. తుంటి ఎముక విరిగింది. ఆమెను అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చి, అక్కడి నుంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

 ఆ మొదటిరోజే చెప్పి ఉండొచ్చు కదా అని గొణిగాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. తప్పు కొంచెమైనా పంచుకుందామని కాబోలు.

"దినమంతా నీ పక్కనే నిలబడింటి గదప్పా. మిషన్ను అడిగితివి గాని, నన్ను యాడ అడిగితివి?"

అతను కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగాడు.

చెప్పి రావడం

మీ దగ్గర గొప్పవాణ్ణనిపించుకోవాలని రాయడం లేదు కాబట్టి ఇది కూడా రాస్తాను. ఓబులేసు ఆసుపత్రికి వెళ్ళాక నేను మొదట ఆలోచించింది హైదరాబాదు పనుల గురించి. చిన్నదొర అబద్ధమాడాడని అతని ఊళ్ళో నిలబడి చెబితే ఇక ఏ మహలు గుమ్మం ఎక్కగలను? రామాచారి అడగకుండా పీకేసే మనిషి అని నాకు నేనే చాటింపు వేసుకున్నట్టు అవుతుంది. గంటసేపు అలాగే కూర్చున్నాను. ఆ గంటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. తర్వాత డబ్బీలో నుంచి శీల తీసి జేబులో వేసుకుని, ఆసుపత్రికి వెళ్ళి ఓబులేసును వెంట రమ్మన్నాను. నాగమ్మ దగ్గర కోడలిని ఉంచి అతను వచ్చాడు.

పెద్దమ్మణ్ణి మమ్మల్ని మేడమీదికి పిలిచింది. శీల ఆమె ముందు పెట్టి, ఇది ఊడలేదు, నేను తీశాను, ఎవరినీ అడగకుండా తీశాను అని చెప్పాను. ఆమె దాన్ని వేళ్ళతో తడిమి చూసింది. తర్వాత ఊరి పెద్దలను పిలిపించి, తను కర్ర పట్టుకుని మెట్లు దిగింది. హాల్లో అందరి ముందు నన్ను మళ్ళీ చెప్పమంది. చెప్పాను. చిన్నదొర నా మొహం చూడలేదు. పనివాడు ఏదో పొరపాటు పడి ఉంటాడని సర్దబోయాడు.

"మనిషి తీసిందాన్ని దేవుని మీదికి ఎట్ల తోస్తివిరా?" అంది ఆమె కొడుకుతో. గొంతు పెంచలేదు. అతను తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

తీసినవాడే పెట్టాలన్నారు పెద్దలు. స్ప్రింగు దించి, చక్రం ఆకుల మధ్య శీల దూర్చాను.  కుంకుమ పెద్దమ్మణ్ణే పెట్టింది. అప్పటికే ఓబులేసు గేటు తీశాడు. బావి మెట్ల మీద కడవల చప్పుడు హాల్లోకి వినిపించింది.

అనుకున్నట్టే హైదరాబాదు పనులు రాలేదు. మా వైపు రెండు ఇళ్ళు కూడా నన్ను పిలవడం మానేశాయి. దానికి నేను బాధపడలేదని చెప్పను. చిన్నదొర మీద కోపం కూడా చాన్నాళ్ళు ఉండేది. కానీ అతను నన్ను వాడుకోగలిగింది నా గర్వం వల్లనే. ఒక్క ప్రశ్న అడిగే అలవాటు ఉన్న మెకానిక్ అతనికి పనికొచ్చేవాడు కాదు.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా మొదటిరోజు పెట్టె తెరవలేదు. కీ ఇచ్చేదెవరు, తుడిచేదెవరు అని కనుక్కుని వాళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి. సగం ఇళ్ళలో వాళ్ళు చెప్పింది ఉత్త కబుర్లే. ఒక్కోచోట మాత్రం నేను తీయబోయే ముక్కకు కారణం తెలిసేది. మీరూ అలాగే చెయ్యండి. పని ఆలస్యమవుతోందని యజమాని విసుక్కుంటే విసుక్కోనివ్వండి. కుంకుమ పెట్టి ఉంటే అది తుడిచేముందు పెట్టిన మనిషిని వెతకండి.

మరవ పారిన రోజు

రెండేళ్ళకు వానలు పడ్డాయి. చెరువు నిండి మరవ పారింది. శీల తీసే రోజు నన్ను కూడా రమ్మని పెద్దమ్మణ్ణి కబురు పంపింది. వెళ్ళాలా వద్దా అని తటపటాయించి వెళ్ళాను.

అంతవరకు ఆ వేడుకకు హాల్లోకి మగవాళ్ళే వచ్చేవాళ్ళట. ఆడవాళ్ళు బయట ఉండేవాళ్ళు. ఈసారి నాగమ్మను లోపలికి తెమ్మని పెద్దమ్మణ్ణి చెప్పింది. ఓబులేసు, కొడుకూ నులక మంచం మీద మోసుకొచ్చి గడియారం ఎదురుగా దించారు. తుంటి సరిగ్గా అతకలేదు, ఆమె ఇక నడవలేదు. ఆ గడియారంలో నీళ్ళు పారడం నాగమ్మ జన్మలో చూడలేదని ఓబులేసు నాతో చెప్పాడు.

పెద్దమ్మణ్ణి శీల తీసింది. ఓబులేసు కీ ఇచ్చాడు. పది కొట్టింది. గాజు కడ్డీలు తిరిగాయి, కొండ మీది నుంచి వెలుగు జారింది, బొమ్మ అమ్మాయి వంగి కడవ పెట్టి, నింపుకుని, సునాయాసంగా చంకన పెట్టుకుంది. అందరూ చేతులు జోడించారు. నాగమ్మ మోచేతి మీద లేచి రెప్పవెయ్యకుండా చూసింది. రెండు నిమిషాలకు అది ఆగిపోయింది. ఆమె తల తిప్పి జనంలో నన్ను వెతికింది.

"దీనికేనా అన్నా?" అంది.

నేను జనంలోంచి ముందుకు వెళ్ళాను. మంచం కాలు పట్టుకుని అక్కడే కూర్చున్నాను.